పదిహేను సెకన్ల పని

ఆ శనివారం పొద్దున కాఫీ తాగుతూ లెక్కల మాస్టారు ఒక పథకం వేశారు. పదకొండింటికి కూతురికి ఆన్‌లైన్‌లో ఉద్యోగం ఇంటర్వ్యూ. దానికి ముందు కంప్యూటర్లోకి ఒకటిన్నర జీబీ ప్రోగ్రాం ఒకటి దించుకోవాలి. అంటే పదిహేను వందల ఎంబీ. ఇంట్లో నెట్టు వేగం వంద అని ప్రకటనలో ఉంది. భాగిస్తే పదిహేను. ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత ఎక్కాలు వల్లె వేయించిన మనిషికి ఈపాటి లెక్కకు కాగితం దేనికి?

"నాన్నా, ఇప్పుడే డౌన్‌లోడ్ చేసేసుకుంటా" అంది కూతురు తొమ్మిదింటికి.

"పదిహేను సెకన్ల పనికి అంత హడావుడా? వెళ్ళి తయారవమ్మా. నేను చూసుకుంటాగా!"

పదకొండుకి ఇరవై నిమిషాలుందనగా ఆయన ఠీవిగా మీట నొక్కి, గోడ గడియారం చూస్తూ పదిహేను లెక్కపెట్టారు. తెర మీద రెండు శాతం కనిపించింది.

లెక్క తప్పే ప్రసక్తే లేదు కాబట్టి తప్పు ఇంట్లో వాళ్ళదయింది. "నెట్టంతా మీరే తాగేస్తున్నారు!" అంటూ అత్తగారు చూస్తున్న సీరియల్ కట్టేశారు. చెల్లెలితో వీడియో కాల్‌లో ఉన్న భార్య చేతిలోంచి ఫోన్ లాక్కున్నారు. కోడలికి విషం పెట్టారో లేదో తేలకుండానే సీరియల్ ఆగిపోయిన అత్తగారు అలిగి సంచి సర్దుకోసాగారు. అవతల మరదలికి చివరగా వినిపించింది, "అమ్మో, మీ బావగారు మీదికొచ్చేస్తు..." అన్న అక్క గొంతు. ఆవిడ వెంటనే లాయరు మొగుణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరింది.

ఇవేవీ తెలియని మాస్టారు వైఫై డబ్బాని నెత్తిన పెట్టుకుని కంప్యూటర్ వైపు నడిచారు. వైరు అంత దూరం రాలేదు. ఊడి వచ్చింది. ముప్ఫై ఏడు శాతం దగ్గరున్న పని మళ్ళీ సున్నాకి చేరింది.

ఇక నెట్టు కంపెనీకి ఫోన్ చేశారు. "వందిస్తామని చెప్పి రెండిస్తారా? మీ ఆఫీసు మొత్తం మీద భాగహారం వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడా? ఎవడమ్మా నీకు లెక్కలు చెప్పింది?"

ఫోన్ పెట్టేశాక భార్య మెల్లగా అడిగింది. "ఏమండీ, అమ్మాయి ఇంటర్వ్యూ ఈ కంపెనీలోనే కదూ?"

మాస్టారు ఒక్క ఉదుటున లేచారు. కూతురి గదిలోకి తొంగిచూస్తే ఖాళీ.

సరిగ్గా అప్పుడే మరదలు దిగింది. గుమ్మంలో సంచితో తల్లి, లోపల కళ్ళొత్తుకుంటున్న అక్క. ఇంకేం సాక్ష్యం కావాలి? తోడల్లుడు కాగితం తీసి, "ఎన్నాళ్ళ నుంచి జరుగుతోంది వదినా?" అన్నాడు.

పన్నెండింటికి కూతురు మేడ మీది వాటాలోంచి నవ్వుతూ దిగింది.

"తొమ్మిదింటికే పైన అద్దెకుండే నర్సు ఆంటీ వాళ్ళ కంప్యూటర్లో డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటర్వ్యూ కూడా అక్కడే ఇచ్చేశా. ఉద్యోగం వచ్చేసింది! అప్పుడే వచ్చిన ఫిర్యాదు ఒకటి వినిపించి, ఈయనకెలా సర్దిచెబుతావన్నారు. ఇంటర్వ్యూకొచ్చిన మిగతా వాళ్ళు ఆ గొంతుకే బెదిరిపోయారట. నాకు పుట్టినప్పట్నుంచీ అలవాటే కదా!"

"ఏం చెప్పావే?" మాస్టారి గొంతు పీలగా వచ్చింది.

"ప్రకటనలో వంద మెగాబిట్లు సార్, మీ ఫైలు మెగాబైట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. వందని ఎనిమిదితో భాగించండి, సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లు. అదీ వైరు నేరుగా తగిలిస్తే. వైఫైలో రెండు గోడలు దాటొచ్చేసరికి ఇంకా తగ్గుతుంది. పైగా 'వంద వరకు' అన్నాం, వంద అనలేదు."

'వరకు' అన్న మాటకి లాయరు మురిసిపోయి తలాడించాడు.

"ఆ గొంతు నాదని చెప్పావా?"

"ఉద్యోగం కావాలి కదా నాన్నా!"

ఇప్పుడు ఆ కంపెనీ కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు వినిపించేది మాస్టారి ఫోన్ కాలే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో అంత నిశ్శబ్దంగా కూర్చుని ఆయన మాట విన్న తరగతి మరొకటి లేదు.