వంకలు పెట్టి కొన్న ఇల్లు

ఇల్లు కొనడానికి దళారీ ఎందుకన్నది నా వాదన. మా వీధి దళారీని అందరూ తాళాలగుత్తి అనేవారు. తలుపు తీసి చూపించడమే వాడి విద్య. దానికి ఇటూ అటూ కమిషన్. ఆ మాత్రం విద్య నాకూ వచ్చన్నాను. మా ఆవిడ అప్పటికి బతికే ఉంది కాబట్టి ఊరుకోలేదు.

"మన బీరువా తియ్యడానికే రోజూ నన్ను పిలుస్తారు కదండీ," అంది.

ఉంటున్న అద్దె ఇల్లు ఖాళీ చెయ్యడానికి గడువు దగ్గర పడింది. ఆవిడ మనసేమో పక్క వీధిలో ఒక వడ్రంగి అమ్ముతున్న ఇంటి మీద పడింది. అక్కడ వంటింటి కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా పొయ్యి గట్టు మీద పడుతుంది. ఇది చెయ్యి జారితే మళ్ళీ ఇలాంటిది దొరకదని పూటకోసారి చెప్పేది. ఇల్లు నాకూ నచ్చింది. ఆ మాట బయటపడితే ధర దిగదని నోరు కట్టేసుకున్నాను.

నా పథకం ఒక్కటే. కనబడిన ప్రతిదానికీ వంక పెట్టడం. నువ్వూ మొహం చిట్లించాలని ఆవిడకు నేర్పాను.

"మీ పక్కన నిలబడితే అదే వస్తుందిలెండి," అంది.

గుమ్మంలోనే మొదలుపెట్టాను. తలుపు ఒరిగిందన్నాను. గచ్చు పల్లమన్నాను. అలమరలు ఇరుకన్నాను. వడ్రంగి ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అదే నా కొంప ముంచింది. తలుపు వైపు చాలాసేపు చూసి, స్క్రూడ్రైవర్ తెచ్చి, దాన్ని ఊడదీసి గోడకు ఆనించాడు. తర్వాత అలమర తలుపులు ఊడదీయడం మొదలుపెట్టాడు.

"ఇన్ని లోపాలున్నాయని నాకు తెలీలేదు బాబూ. ఇలాంటి ఇల్లు మీకు అంటగడితే పాపం. అన్నీ సరిచేశాకే అమ్ముతాను. ఏడాది పట్టొచ్చు," అన్నాడు.

వెంటనే మాట మార్చాను. అన్నీ బాగానే ఉన్నాయన్నాను. మొహమాటానికి అంటున్నాననుకున్నాడు. స్క్రూడ్రైవర్ పట్టుకుని వంటింటి కిటికీ దగ్గరకు నడిచాడు.

మా ఆవిడ అడ్డం నిలబడింది.

"అన్నయ్యగారూ, నన్ను చూడ్డానికి వచ్చినప్పుడూ ఈయన ఇలాగే వంకలు పెట్టారు. ముక్కు పొట్టి, మాట పొడుగు అన్నారు. నేనెక్కడ కాదంటానోనని ఇంటికెళ్ళి అన్నం ముట్టలేదట. ఇన్ని వంకలు పెట్టారంటే ఇల్లు ప్రాణంగా నచ్చిందన్నమాట."

వడ్రంగి మొహం చేటంత అయింది.

"అంత నచ్చిందా బాబూ? అయితే ఇంకెవరికీ చూపించను. చెప్పిన ధరకే మీకు ఖాయం," అన్నాడు.

బేరమాడదామని నోరు తెరిచాను. ఈలోగా ఊడదీసిన వీధి తలుపు తెచ్చి నా చేతుల్లో పెట్టాడు, బిగించేదాకా పట్టుకోమని.

"జాగ్రత్తండీ, మన తలుపు," అంది ఆవిడ, కిటికీ దగ్గర ఎండలో నిలబడి.

పట్టుకున్నాను.