వట్టి కాళ్ళ ఉపన్యాసం

ఆ నవంబరు శనివారం పొద్దున ఇంగ్లండులోని కోవెంట్రీ ఊళ్ళో జనమంతా మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడుక్కుంటుంటే, పార్థసారథి ఉన్న ఒక్క జతా విప్పి పక్కన పడేశాడు. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, తన లెక్కలో మహా సాహితీవేత్త. ఇవాళ తెలుగు సంఘం సభలో 'సాహిత్యంలో వట్టి కాళ్ళు' అనే విషయం మీద ఆయన ఉపన్యాసం. అది కాగానే సాహిత్య విభాగానికి కొత్త అధ్యక్షుణ్ణి ప్రకటిస్తారు. ఆ పదవి మీద ఆశతోనే ఆయన ఏళ్ళ తరబడి సంఘం పిక్నిక్కుల్లో కుర్చీలు మోశాడు.

"బయట మంచు గడ్డకట్టింది. జ్వరమొస్తే జీపీ డాక్టరు అపాయింట్‌మెంట్ ఉగాదికి గానీ దొరకదు," అంది భార్య సులోచన.

"బూట్లేసుకుని వట్టి కాళ్ళ గురించి మాట్లాడితే జనం నవ్వరూ?"

"ఇలా వెళ్తే ఏడుస్తారా?"

సాహిత్యం తెలియని మనిషితో వాదనేమిటని నల్ల స్వెటరు తగిలించుకుని, మఫ్లర్ చుట్టుకుని, మేధావిలా కనబడాలని పెంచిన గడ్డం నిమురుకుంటూ ఆయన బయల్దేరాడు.

హాలు గుమ్మంలో సంఘం అధ్యక్షుడు వెంకటసుబ్బారావు ఆ కాళ్ళు చూశాడు, గడ్డం చూశాడు, నల్ల స్వెటరు చూశాడు. అమాంతం వంగి దండం పెట్టాడు. "స్వామియే శరణమయ్యప్ప! మాల ఎప్పుడేశారు స్వామీ? ఒక్క మాట చెప్పలేదే!"

కాదని చెప్పడానికి పార్థసారథి నోరు తెరిచాడు. కానీ ఎదురుపడితే ఫోను చూసుకునే ఈ మనిషి ఇవాళ వంగి దండం పెట్టాడు కదా! ఆ రుచేదో బాగుందనిపించి తెరిచిన నోరు మూసేశాడు.

లోపల చికెన్ పఫ్ అందుకోబోతే ఆండాళమ్మ ఆంటీ చటుక్కున లాగేసుకుంది. "అపచారం స్వామీ!" అని చేతిలో అరటిపండు పెట్టింది. ఎవరో కుర్చీ తీసేసి చాప వేశారు. పిల్లలను వరసగా తెచ్చి కాళ్ళకు మొక్కించారు.

"పాదాలు ఐసుముక్కల్లా ఉన్నాయమ్మా! ఎంత నిష్ఠో!" అంది ఆండాళమ్మ.

ఇది ముదురుతోందని పార్థసారథి చాప మీంచి లేచాడు. వెంకటసుబ్బారావు చెవిలో, "నాకు దీక్షా లేదు, గీక్షా లేదండీ. ఇదంతా సాహిత్యం కోసం," అన్నాడు.

"నిజమైన స్వాములు చెప్పుకోరు. నాకు తెలీదా!" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

మైకు చేతికొచ్చింది. మామూలుగా ఈయన లేస్తే సగంమంది కార్ పార్కుకు లేస్తారు. ఇవాళ ఒక్కరూ కదల్లేదు, పైగా చేతులు జోడించారు. ఇంక నిజం చెప్పడానికి ఏ వక్తకు మనసొప్పుతుంది?

"కథలో చెప్పుల్లేని పాదం పేదవాడిదైతే ఆకలి, భక్తుడిదైతే వినయం, ఇల్లు వదిలిన ఆడదానిదైతే తెగింపు!" అన్నాడు.

"శరణమయ్యప్ప!" అంది హాలంతా.

ప్రతి వాక్యానికీ అదే కేక. జన్మలో ఇంత బాగా మాట్లాడలేదనుకుంటూ ఆయన పదవి కోసం చెవులు రిక్కించాడు.

వెంకటసుబ్బారావు గొంతు సవరించుకున్నాడు. "ఈ పదవి నిజానికి పార్థసారథిగారికే అనుకున్నాం. కానీ అన్నీ వదులుకున్న స్వామికి ఇలాంటి లౌకిక జంజాటం అంటగట్టడం మహాపాపం. అందుకని సాంబశివరావుగారికి ఇస్తున్నాం."

"అయ్యో, అదికాదండీ..." అన్న పార్థసారథి మాట చప్పట్లలో కలిసిపోయింది.

కొత్త అధ్యక్షుడు సాంబశివరావు వేదికెక్కి, మెరుస్తున్న తోలు బూట్లతోనే వంగి, ఆ వట్టి కాళ్ళకు భక్తిగా నమస్కరించాడు.