గంగన్న ఎక్కడికీ పోలేదు

బానిసత్వం ఈ భూమ్మీద రద్దయి చాలాకాలమైంది. ఇందులో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. బానిసలే లేనప్పుడు పారిపోయిన బానిసలు ఎక్కడినుంచి వస్తారు? ఇప్పుడున్నది పరారీ ఉద్యోగులు మాత్రమే. ఈ రెండింటికీ తేడా ఏమిటో పరారీ నిర్ధారణ మండలి వారు ఓపికగా వివరిస్తారు (ఉదయం పూట, కంపెనీ అనుమతితో వస్తే).

జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చిన గంగన్నకు ఆ తేడా తెలుసుకునే అవకాశం దక్కింది. అరబ్బు దేశానికొచ్చి మెసయీద్‌లో పరంజీలు ఎక్కిదిగి ఆయన మోకాళ్ళు అరిగిపోయాయి. అల్ వుకైర్‌లో ఒక విల్లాకు వాచ్‌మన్ కావాలని తెలిసి, కూర్చునే పని కదా అని ఆశపడ్డాడు. కంపెనీ మారనివ్వమని అర్జీ పెట్టాడు.

ఇలాంటివి చూడటానికి కంపెనీలో శ్రామిక ఆప్యాయతా విభాగం ఉంది. దాని అధిపతి రఫీయుద్దీన్ సాబ్ అర్జీని ఆప్యాయంగా చదివి, మర్నాడే గంగన్న పారిపోయాడని కంప్యూటర్‌లో ఎక్కించారు. (పోవాలనుకోవడం పోవడంలో సగం. మిగతా సగం కంపెనీయే పూర్తి చేసిపెడుతుంది.)

ఆ పొద్దున కూడా గంగన్న డ్యూటీ బస్సు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"నువ్వు పారిపోయినవట గదనే గంగన్నా!" అన్నాడు ఫోర్‌మన్ అంజి.

"ఇగో, ఈడనే ఉన్న గదా!"

"ఉంటె ఉన్నవ్. సిస్టమ్ల లేవు. యల్లా, బస్సెక్కు. పని ఆగద్దు."

అలా పరారీలో ఉన్న మనిషి రోజూ డ్యూటీకి పోయాడు. పోకపోతే నిజంగానే పారిపోయినట్టు అవుతుంది. మెస్‌లో మాత్రం, లేని మనిషికి ప్లేటు పెట్టడం పద్ధతి కాదన్నారు. అంజి ప్లేటులోనే ఇద్దరూ తిన్నారు. (ఇది రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతోంది. మండటానికి ఏ విభాగం అనుమతి కావాలో కనుక్కుంటున్నాను.) మండలి గనక పరారీ ముద్రను ఖాయం చేస్తే, గంగన్నను విమానమెక్కించి పంపేస్తారు. వుకైర్ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు.

కేసు ముఖీత్ చేతికి వచ్చింది. కోరుట్ల మనిషి, ముషైరిబ్‌లో ఒక వకీళ్ళ ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్. అప్పటిదాకా ఆయన వాదించింది ఆఫీసు ఏసీ గురించే. బానిసల కాలంలో కొత్త వకీళ్ళు పరారీ కేసులతోనే పేరు తెచ్చుకున్నారని, అప్పట్లో యజమాని వచ్చి "వీడు నావాడే" అని గుర్తుపట్టాల్సి వచ్చేదని కాలేజీలో ఎవరో చెప్పగా విన్నాడు. ఆ కిటుకునే పట్టుకున్నాడు.

మండలి ముందు గంగన్నను చూపించి, "ఈయన్ని ఎరుగుదురా?" అని రఫీయుద్దీన్ సాబ్‌ను అడిగాడు.

"ఎరగకపోవడమేమిటి! మా గంగన్న, బంగారం. నిన్న ఎండలో అంత పనీ ఒక్కడే..." అని సాబ్ నాలుక కరుచుకున్నారు.

కేసు అక్కడే గెలిచినట్టయింది. ముఖీత్ కూర్చుంటే సరిపోయేది. కానీ మొదటి కేసు. తయారుచేసుకున్న ఉపన్యాసం ఇంకా మిగిలే ఉంది. లేచి అరబ్బీలో గొంతెత్తాడు: "అయ్యా, ఈ మనిషికి కంపెనీయే ప్రాణం! దాన్ని విడిచి పోవాలన్న ఆలోచన ఈయనకు కలలో కూడా రాలేదు!"

"ఏమన్నవ్ సాబ్?" అని గంగన్న గుసగుసలాడాడు.

"నీ గురించి మంచిగ చెప్పిన అన్నా."

మండలి అధ్యక్షులవారు కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పారు. గంగన్న ఎక్కడికీ పోలేదని రుజువైనందున పరారీ ఆరోపణ కొట్టివేత. పోవాలన్న ఆలోచన ఆయనకు కలలో కూడా లేదని ఆయన వకీలే చెప్పినందున, కంపెనీ మార్పు అర్జీ కూడా కొట్టివేత. రఫీయుద్దీన్ సాబ్ గంగన్నను ఆప్యాయంగా కౌగిలించుకున్నారు. డ్యూటీ బస్సు బయటే ఆగి ఉంది.

"గెలిచినమా సాబ్?" మెట్ల మీద మోకాళ్ళు రుద్దుకుంటూ అడిగాడు గంగన్న.

"గెలిచినం అన్నా."

"మరి వుకైర్?"

ముఖీత్ తల దించుకున్నాడు. గంగన్న బస్సు వంక చూశాడు.

"నిజంగనే పారిపోతె ఏమైతది సాబ్?"

"ఎవ్వలు నమ్మరన్నా. తీర్పున్నది."