డిష్ సెక్షన్ అల్లుడు

ఆకాశంలోకి ఉపగ్రహాన్ని పంపడం ఏమంత గొప్ప కాదు. దానికేసి నోరు తెరుచుకుని కూర్చునే డిష్‌ని ఎంపిక చెయ్యడమే అసలైన విజ్ఞానం. ఆ విజ్ఞానంలో ఈ నాలుగంతస్తుల భవనం ఎవరికీ తీసిపోదు. ఎందుకంటే రెండో అంతస్తులో భవన సంఘం అధ్యక్షులవారి అల్లుడుగారు ఉన్నారు.

“డిష్‌ల గురించి నాకు తెలిసినంత ఈ వీధిలో ఇంకెవరికీ తెలీదు. రోజుకి పన్నెండొందలు నా చేతుల మీదుగా వెళ్ళేవి” అని మెట్ల మీద ఎవరడిగినా, అడక్కపోయినా అతను చెప్పేవాడు.

(లెక్కలో తప్పు లేదు. విదేశంలో మూడేళ్ళపాటు ఒక పెద్ద క్యాంటీన్ వెనక గదిలో అతను ఎంగిలి ప్లేట్లు కడిగాడు. ఆ గదిని అక్కడ డిష్ సెక్షన్ అనేవారు.)

పెళ్ళిమాటలప్పుడు మామగారు “అక్కడ ఏ విభాగం బాబూ?” అని అడిగితే, “డిష్ సెక్షనండీ” అన్నాడు. మామగారు భక్తిగా ఆకాశంవైపు చూశారు. ఇతను చూడనిచ్చాడు. పదకొండేళ్ళుగా ఆయన చూస్తూనే ఉన్నారు, ఇతను చూడనిస్తూనే ఉన్నాడు. అల్లుడికి జీవితంలో ఇంకే కోరికా లేదు, మామగారు ఆ చూపు కిందికి దించకుండా ఉంటే చాలు.

ఇలా ఉండగా ఎదురు భవనం మీద ఓ పెద్ద డిష్ వెలిసింది. అక్కడివాళ్ళు విదేశీ ఛానళ్ళు పెట్టుకుని, ఒక్క ముక్కా అర్థం కాకపోయినా, కిటికీలు తెరిచి మరీ నవ్వడం మొదలుపెట్టారు. భవన నివాసుల సంఘం అధ్యక్షులైన మామగారు ఆ నవ్వుల్ని నాలుగు రోజులు భరించి, అయిదో రోజు డిష్ ఎంపిక ఉపసంఘం వేశారు. సాంకేతిక సలహాదారుగా ఎవరిని నియమించారో వేరే చెప్పక్కర్లేదు.

ఇంటింటికీ ఫారాలు పంచారు. చూడదలచిన దేశం, ఆ దేశంతో పూర్వపరిచయం, అర్థం కాని కార్యక్రమాన్ని ఎంతసేపు ఓర్చుకోగలరు (నిమిషాల్లో), నవ్వాల్సిన చోట ఎవరు ముందు నవ్వాలి. కింది అంతస్తు టైలరమ్మ దేశం పేరు రాయకుండా “కోట్లు వేసుకునేది ఏదైనా” అని రాసింది. నాలుగో అంతస్తు పళ్ళ డాక్టరు అన్ని దేశాలకూ టిక్కు పెట్టాడు. అల్లుడి భార్య మాత్రం ఒక్క దేశమే రాసింది, కారణం కాలమ్‌లో “మా ఆయన పనిచేసిన ఊరు చూడాలని” అని రాసింది. మామగారి కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ దేశమే ఖాయమైంది.

తరవాత సమావేశంలో ఉపగ్రహం ఎటువైపు ఉండాలన్నది చర్చకొచ్చింది. తూర్పున ఉండాలని ఏడుగురు, బట్టల తీగెకి నీడ పడకుండా పడమరన ఉండాలని అయిదుగురు చేతులెత్తారు. తూర్పు గెలిచింది. ఈ సంగతి ఉపగ్రహానికి తెలియజెయ్యాలని తీర్మానించారు. సలహాదారు అభిప్రాయం అడిగితే, కాసేపు గడ్డం గోక్కుని, “మెజారిటీని ఎవరైనా గౌరవించాల్సిందే” అన్నాడు.

అసలు పరీక్ష షాపులో ఎదురైంది. గోడకి ఆనించిన డిష్‌ల ముందు నిలబడగానే అల్లుడి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. గోటితో అంచు మీద కొట్టి చెవి పెట్టి విన్నాడు. బొటనవేలితో చుట్టూ రాసి జిడ్డుందేమో చూశాడు. వెలుతురుకి ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి, మరకల కోసం వెతికాడు. జాలీ డిష్ చూపిస్తే, “చిల్లులున్నది మనకొద్దు” అని పక్కన పెట్టించాడు. ఇరవై ఏళ్ళ వ్యాపారంలో ఇలాంటి పరిశీలన చూళ్ళేదని షాపాయన చేతులు కట్టుకున్నాడు. మామగారు దీన్నంతా ‘మూడంచెల నాణ్యతా పరీక్ష’ అని ఫైల్లో రాసుకున్నారు.

మర్నాడు పొద్దున మేడ మీద ఫిట్టర్ స్క్రూలు బిగిస్తూ అడిగాడు. “సార్, సిగ్నల్ సీ బ్యాండా, కేయూ బ్యాండా?”

“మా దగ్గర బ్యాండ్ ఉండేది కాదయ్యా. రేడియో పెట్టేవాళ్ళు.”

ఫిట్టర్ ఓ క్షణం చూసి, పడీపడీ నవ్వాడు. బాగా తెలిసినవాళ్ళే ఇలాంటి జోకులు వేస్తారని మామగారితో అన్నాడు. తరవాత చేతిలోని చిన్న మీటరు చూసుకుంటూ, ఎవరూ ఓటు వెయ్యని దిక్కుకి డిష్‌ని తిప్పేశాడు. బొమ్మ వచ్చింది. (ఉపసంఘం ఆ దిక్కుని తరవాత ఏకగ్రీవంగా ఆమోదించింది.)

ఫైలు ముయ్యడానికి ఒక్క కాగితమే తక్కువైంది. అనుభవ ధ్రువపత్రం లేని సలహాదారు సంతకం చెల్లదని నిబంధన ఉంది. ఆ నిబంధన మామగారే ఆ ఉదయం పెట్టారు. అల్లుడు నిబ్బరంగా పెట్టె తెరిచి, తను తిరిగి వచ్చేటప్పుడు క్యాంటీన్‌వాళ్ళు ఇచ్చిన సర్టిఫికెట్ తెచ్చి ఇచ్చాడు. అది ఆ దేశం భాషలో ఉంది. భవనం మొత్తంలో దాన్ని చదవగలిగేవాడు తనొక్కడే, తను చదవడు. మామగారు దాన్ని ఫ్రేము కట్టించి, అందరూ టీవీ చూసే తన ముందుగదిలో, టీవీకి సరిగ్గా పైన తగిలించారు.

ఇక్కడ మామగారి ఉద్యోగం గురించి చెప్పుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన ఓ ఆఫీసులో అసలు కాగితాన్నీ నకలునీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూశారు. అందులో ఏం రాసుందో ఆయనెప్పుడూ పట్టించుకోలేదు. ఆకారాలు కలిశాయా లేదా అన్నదే ఆయన పని.

ఆదివారం అందరూ కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. కార్యక్రమం మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. ఒక చెయ్యి మురికి ప్లేటు అందుకుంది, నురగ పొంగింది, ప్లేటు తళతళా మెరిసింది, దాని మీద పెద్ద అక్షరాల్లో ఓ పొడుగాటి పదం పడింది. మామగారు కుర్చీలోంచి లేచారు. టీవీ చూశారు. ఫ్రేము చూశారు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కూర్చున్నారు.

“డిష్ ఓ చిటికెడు పక్కకి తిప్పితే ఇంకా మంచివొస్తాయి” అన్నాడు అల్లుడు, గుమ్మంవైపు జరుగుతూ. ఎవరూ కదల్లేదు.

పది నిమిషాలకి ప్రకటన మళ్ళీ వచ్చింది, ఆ తరవాత మరోసారీ వచ్చింది. సరిచూడ్డం అంటే మూడుసార్లు చూడాలి. మామగారు మూడోసారి టీవీ పక్కనే నిలబడి, వేలితో ఒక్కో అక్షరం కింద టీవీలోంచి పైన ఫ్రేములోకి కలుపుకుంటూ వెళ్ళారు. చివరి అక్షరం దగ్గర వేలు ఆగింది.

“అల్లుడుగారూ, అసలూ నకలూ కలిశాయి. ఈ మాటకి అర్థమేంటి?”

“ప్లేట్లు కడగడం, మామయ్యగారూ.”

“కింద వరుసలో?”

“మూడేళ్ళలో ఒక్కటీ పగలగొట్టలేదని.”

మామగారు ఆకాశంవైపు చూడబోయి, మధ్యలో స్లాబు అడ్డురావడంతో ఫైలు తెరిచారు. నిబంధన రెండుసార్లు చదివారు. ‘డిష్‌లతో అనుభవం’ అనే ఉంది, ఏ డిష్‌లన్నది లేదు. అంచేత నియామకం సక్రమమేనని ఆయన తేల్చి, సంతకం పెట్టి, ఫైలు మూసేశారు. అల్లుడు ఊపిరి పీల్చుకున్నాడు. పళ్ళ డాక్టరు చెయ్యి కూడా కలిపాడు.

అప్పటిదాకా టీవీలో ఆ ఊరి వీధులు చూస్తున్న భార్య తల తిప్పింది.

“ఏమండీ, పాప పుట్టినప్పుడు నా చేతులు పగిలిపోయి, డాక్టరు నీళ్ళలో పెట్టొద్దంది. ఒక్క వారం ప్లేట్లు కడగండి అన్నాను. మీరేమన్నారు?”

“రాదన్నాను.”

“మరి?”

అల్లుడు భార్య చేతుల్ని చూశాడు. తరవాత నేలని చూశాడు.

“వచ్చు. వచ్చని తెలిస్తే రోజూ కడగమంటావని.”