మంత్రిగారి ముక్కూ, మిగతావాళ్ళ రక్తమూ

"ఇకమీదట మన ఏలుబడిలో ఏ ఒక్కరి ఒంట్లోనూ రక్తం గడ్డకట్టదు. గడ్డకట్టనివ్వం!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు పిడికిలి బిగించి ప్రకటించారు. సభ చప్పట్లతో మారుమోగింది. రక్తం పలచబడే మాత్రలు ఇక అన్ని ఆసుపత్రుల్లోనూ ఉచితం. మంత్రిగారి దూరదృష్టి అంత గొప్పది. దగ్గర్లో ఉన్నవే వారి కంటికి ఆనవు.

ఆ దగ్గర్లో ఉన్న వాటిలో ఒకటి వేదిక వెనక మడత కుర్చీలో, ముదురు రంగు చీర కట్టుకుని, లేవడానికి భయపడుతూ కూర్చుని ఉంది. మంత్రిగారి ప్రసంగాలన్నీ రాసేది ఆవిడే. ఆఫీసులో ఉపన్యాసం మేడమ్ అంటారు.

ఆర్నెల్ల కిందట మేడమ్ కాలు వాచింది. కాల్లో కట్టిన గడ్డ ఊపిరితిత్తుల దాకా పాకితే, చావు తప్పి బయటపడింది. బతికించినవి ఆ మాత్రలే. కాకపోతే అప్పట్నుంచీ నెలసరి వరదై కూర్చుంది. ప్యాడ్ పెట్టుకుని వచ్చి నాలుగు వాక్యాలు రాసేలోపు మళ్ళీ పరిగెత్తాలి. మెట్లెక్కితే ఆయాసం, దిగితే కళ్ళు తిరగడం.

"ఆ మాత్రలు మానేసి చూడరాదూ?" అన్నాడు మొగుడు.

మానేసి చూసింది. వారం తిరక్కుండా కాలు మళ్ళీ బరువెక్కింది. హడలిపోయి మళ్ళీ మొదలుపెట్టింది.

మాత్రలు రాసిన పెద్ద డాక్టరు, "గడ్డ సంగతైతే నన్నడగండి. ఆ సంగతి లేడీ డాక్టర్నడగండి" అన్నాడు. లేడీ డాక్టరు నిట్టూర్చింది. "మాత్ర మానకుండానే దీనికి వైద్యం ఉందమ్మా. కానీ ఆయన్ని కాదని నేనొక్కదాన్నే చేయలేను. ఇద్దరం ఒక గదిలో కూర్చోవాలి. ఆ గది సర్కారువాళ్ళివ్వాలి."

సర్కారుకి ప్రసంగాలు రాసేది తనే కదా అని మేడమ్‌కి ధైర్యం వచ్చింది. తర్వాతి ప్రసంగంలో ఒక్క వాక్యం ఇరికించింది: "ఈ మాత్రలు వాడే ఆడవాళ్ళు నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి, దానికి వైద్యం ఉంది."

మంత్రిగారి పీఏ చదివి కుర్చీలోంచి లేచాడు. "మంత్రిగారి నోట నెలసరా?"

"పోనీ, 'ఆ సమయంలో' అని మారుద్దాం" అంది మేడమ్.

"'ఆ' అంటే ఏదని అడుగుతారు. 'కొన్ని సమయాల్లో' అనండి."

అదీ అనుమానంగానే ఉందనిపించి చివరికి అతనే దిద్దాడు. సభలో మంత్రిగారు గంభీరంగా చదివారు: "సకాలంలో అందరూ సహకరించాలి." చప్పట్లు.

మేడమ్ ఇక ఆగలేక నేరుగా మంత్రిగారి గదిలోకే వెళ్ళి చెప్పేసింది. వారు శాంతమూర్తి. కోప్పడలేదు.

"చూడమ్మా, మా ఇంట్లో భార్య ఉంది, ముగ్గురు కూతుళ్ళున్నారు. ఒక్కరైనా నాతో ఈ మాట అనలేదు. అంటే ప్రజల్లో ఈ సమస్య లేనట్టే కదా! అయినా నువ్వడిగావు కాబట్టి కమిటీ వేస్తా."

వేశారు. అధ్యక్షుడు ఎముకల డాక్టరు. సభ్యుల్లో ఒకాయన ఆనకట్టలు కట్టి రిటైరైన ఇంజనీరు. రక్తం కూడా ప్రవాహమే కదా! కమిటీ చాలాసార్లు సమావేశమై, భోజనం చేసి, సదరు రక్తస్రావం ప్రతినెలా దానంతటదే ఆగిపోతోంది కనుక వైద్యం అనవసరమని తేల్చింది.

ఆ మధ్యాహ్నం మేడమ్ ఆఫీసు బాత్రూములో గోడ పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఏడుద్దామనుకుంది, అంత ఓపిక కూడా లేదు.

ఇంతలో మంత్రిగారు ప్రజల కోసం రోజుల తరబడి కార్లో కూర్చుని తిరగడంవల్ల వారి కాల్లోనూ గడ్డ కట్టింది. వారూ అవే మాత్రలు మొదలుపెట్టారు. ఒకరోజు విలేకరులతో మాట్లాడుతుండగా వారి ముక్కులోంచి ఒక చుక్క రక్తం తెల్ల చొక్కా మీద పడింది.

ఒక్కటే చుక్క. టీవీలన్నీ దాన్నే చూపించాయి. మూడు అంబులెన్సులొచ్చాయి. స్ట్రెచర్ మీద మంత్రిగారు పీఏ చెయ్యి పట్టుకుని, "ఇంత రక్తం పోతే మనిషన్నవాడు ఎలా బతుకుతాడయ్యా?" అన్నారు.

సాయంత్రానికల్లా ప్రత్యేక ముక్కు క్లినిక్ మంజూరైంది. ఊళ్ళో ఉన్న పెద్ద డాక్టర్లందర్నీ, ఏ విభాగమని చూడకుండా, అక్కడికి మార్చారు. పెద్ద డాక్టరుకీ, లేడీ డాక్టరుకీ ఒకే గది వచ్చింది.

ప్రారంభోత్సవానికి మేడమ్ పాత వాక్యాన్నే తీసి రెండు మూడు మాటలు మార్చింది. మంత్రిగారు ముక్కు తడుముకుంటూ చదివారు: "ఈ మాత్రలు వాడేవాళ్ళు ముక్కులోంచి రక్తం వస్తే సిగ్గుపడకుండా డాక్టరుకి చెప్పండి, దానికి వైద్యం ఉంది." జనం కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడు మేడమ్ క్లినిక్‌కి వెళ్ళింది. గుమ్మం దగ్గర గార్డు అడ్డుపడ్డాడు.

"ముక్కేనా?"

మేడమ్ ఒక్క క్షణం ఆలోచించి ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. "ముక్కే."

లోపల బెంచీల నిండా ఆడవాళ్ళు. కాలేజీ అమ్మాయి దగ్గర్నుంచి నడివయసావిడ దాకా అందరి ముక్కులకీ రుమాళ్ళే. ఒకావిడ జరిగి చోటిచ్చింది.

లేడీ డాక్టరు తలుపు మూసి అడిగింది. "ముక్కుకి రోజూ ఎన్ని ప్యాడ్లు మారుస్తున్నావమ్మా?"

మేడమ్‌కి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని గడ్డ మాత్ర ఆపకుండా రకం మార్చారు. రక్తస్రావం తగ్గడానికి గర్భసంచిలో చిన్న పరికరం అమర్చారు. ఒంట్లో రక్తం పట్టడానికి ఐరన్ ఇచ్చారు. కొన్ని నెలలకి మేడమ్ మెట్లు ఎక్కగలిగింది. ఎంతో కాలం తర్వాత లేత పసుపు చీర కట్టింది.

క్లినిక్ వార్షికోత్సవంలో మంత్రిగారు పరవశించిపోయారు. "మన క్లినిక్‌కి వచ్చినవాళ్ళలో నూటికి తొంభైమంది ఆడవాళ్ళే! వాళ్ళ ముక్కుల్ని ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను!"

ముందు వరసలో ఆడవాళ్ళు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు. మంత్రిగారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టి వెనక్కి తిరిగారు.

"ఏమ్మా, క్లినిక్ లెక్కల్లో చూశాను, వీళ్ళకి ముక్కులోంచి నెలకోసారే ఎందుకొస్తోందంటావ్?"

"వాతావరణం సార్" అంది మేడమ్.

మంత్రిగారు మళ్ళీ మైకు వైపు తిరిగి, వాతావరణం మీద కమిటీ వేస్తున్నట్టు ప్రకటించారు.