ఒక్కడైపోయిన అప్పలరమణలు

ఆ సోమవారం పొద్దున్న త్రినాధరావు వేసుకున్న లెక్క చాలా సులువైనది. ఆఫీసుకు వెళ్లగానే తను రాసిన కంప్యూటర్ టూల్ నడపాలి, టీ వేళకు యజమానికి చూపించాలి, వారం తిరక్కుండా ఉద్యోగం పర్మినెంటు చేయించుకోవాలి. పర్మినెంటు కాని కుర్రాడికి పిల్లనివ్వనని శాంతికుమారి తండ్రి తెగేసి చెప్పేశాడు మరి.

అనకాపల్లిలోని ఆ గ్యాస్ ఏజెన్సీకి కంప్యూటరైతే వచ్చింది గానీ, కూర్చున్నవాడల్లా తోచిన చోట తోచింది ఎక్కించడంతో ఖాతాదారుల వివరాలు కలగాపులగమయ్యాయి. ఇంటిపేరుండాల్సిన చోట వీధి, వీధుండాల్సిన చోట ఫోన్ నంబరు. త్రినాధరావు వేసవంతా కూర్చుని రాసిన టూల్ వాటన్నిటినీ సర్దుతుంది. పేరు, ఇంటిపేరు, వీధి కలిస్తే అవి ఒకడే తీసుకున్న దొంగ కనెక్షన్లని లెక్కేసి, వాళ్లందర్నీ ఒక్కడిగా చేసి, వాళ్ల బుకింగులన్నీ ఒకే గుమ్మానికి పంపుతుంది. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టే ఊళ్లో పుట్టి, స్వయానా పెదనాన్న కొడుకు కూడా త్రినాధరావే అయ్యుండి, అందులోని తిరకాసు అతనికి తట్టకపోవడమే విచిత్రం.

బుధవారం గవరపాలెంలో ఒక అప్పలరమణ అరుగు మీద నాలుగు సిలిండర్లు దిగాయి. అదే వీధిలో ఉన్న అతని బాబాయిలు ముగ్గురూ తమ పెద్దకొడుకులకు ఆ తాత పేరే పెట్టుకున్నారు. ఆ ముగ్గురిళ్లలోనూ పొయ్యి వెలగలేదు. వెళ్లి అడిగితే, బిల్లుల మీద తన పేరే ఉందని చూపించి అతను తలుపేసుకున్నాడు.

మిగతా ముగ్గురు అప్పలరమణలూ ఆఫీసుకొచ్చి రేషన్ కార్డులు బల్ల మీద పరిచారు. త్రినాధరావు టూల్‌నే నమ్మాడు. కార్డులు దొంగవేమోనని వెలుతురుకు పట్టి చూశాడు.

"అందరికీ ఒకటే పేరైతే ఎవరెవరో ఎలా తెలుస్తాదండీ?"

"తెలీడానికేటుంది బాబూ. పిలిత్తే పలికినోడే ఆడు," అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

శుక్రవారానికి సింహాచలాలు, దేముళ్లు, సోమాలమ్మలు ఖాళీ సిలిండర్లతో రోడ్డు దాకా బారులు తీరారు. శనివారం విశాఖపట్నం నుంచి గ్యాస్ కంపెనీ అధికారి విచారణకు వచ్చి, యజమాని గదిలో కూర్చున్నాడు. యజమాని జగదీశ్వరరావు చెమటలు తుడుచుకుంటూ త్రినాధరావు దగ్గరకొచ్చాడు.

"నీ టూలు పట్టుకున్న అసలైన దొంగ కనెక్షన్ ఒక్కటి సూపించు. లేదంటే సోమవారం నుంచి రాకు."

త్రినాధరావుకు ఏడుపొక్కటే తక్కువ. ఉద్యోగంతో పాటు శాంతికుమారి కూడా చెయ్యి జారిపోతోంది. టూల్‌కు ఇంటి నంబరు కూడా చూడమని నేర్పాడు. అప్పలరమణలు ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. సింహాచలాలు విడిపోయారు. చివరికి తెర మీద ఒక్క పేరు మిగిలింది.

"దొరికిందండీ. ఒకే మనిషి, ఒకే గుమ్మం, ఐదు కనెక్షన్లు," అంటూ సంతోషం పట్టలేక, పేరైనా చదవకుండా తెరను యజమాని వైపు తిప్పాడు.

అక్కడున్నది జగదీశ్వరరావు పేరే. ఆ సిలిండర్లు వెలిగిస్తున్నది ఆయన బావమరిది హోటల్లోని పొయ్యిల్ని. ఆయన కాసేపు తెరను చూశాడు, తర్వాత గది తలుపును చూశాడు, చెయ్యి చాచి కంప్యూటర్ తనే ఆపేశాడు. లోపలికెళ్లి, దొంగ కనెక్షన్లేవీ తేలలేదని అధికారికి విన్నవించాడు.

సోమవారం త్రినాధరావుకు పర్మినెంటు ఆర్డరు అందింది. టూల్‌ను మాత్రం, అనుభవం చాలదని పనిలోంచి తీసేశారు.