పక్క సీటు ఇసుకమూట

ఆ పొద్దున రెక్కలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరి బయటి విమానాల మైదానానికి వెళ్ళి, తన విమానంలో ఊరి మీద ఒక చుట్టు కొట్టి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి గిన్నెలు తోముకోవాలి. ఇందులో ఎవరికీ ఇబ్బంది లేదు. అసలు ఎవరూ లేరు, అదే బాధ.

ఆయన రిటైరైన లిఫ్టు మెకానిక్. ఇంటి వెనక షెడ్డులో రెండు సీట్ల చిన్న విమానం కట్టడం మొదలుపెట్టినప్పుడు వీధివాళ్ళు తగిలించిన పేరు అది. రేకుకి రివెట్ దిగాలంటే ఇద్దరు కావాలి. ఒకరు ఇటునుంచి కొడుతుంటే ఇంకొకరు అటునుంచి ఇనుపదిమ్మ ఆనించి పట్టుకోవాలి. ఏళ్ళ తరబడి ఆ దిమ్మ పట్టుకున్నది ఆయన భార్య. "మొదట ఎక్కేది నేనే, మాట తప్పితే ఊరుకోను" అనేది. తోక పని మిగిలుండగానే పోయింది. ఆ తోకని ఆయన రెండు చేతులూ రెండువైపులకీ చాచి, మధ్యమధ్యలో కళ్ళు తుడుచుకుంటూ ఒక్కడే ముగించాడు.

పక్కన బరువు లేకపోతే విమానం ఒక వైపుకి ఒరిగేది. అందుకని పరీక్షలన్నిటికీ ఆవిడంత బరువున్న ఇసుకమూటని పక్క సీట్లో కూర్చోబెట్టాడు. నిన్ననే తనిఖీ అధికారి వచ్చి, "ఇక మనుషుల్ని ఎక్కించుకోవచ్చు" అని చెప్పి వెళ్ళాడు. రెక్కలాయన సంబరంగా అందరికీ ఫోన్లు చేశాడు. పాత మేస్త్రీకి మోకాళ్ళ నొప్పులు. పక్కింటి దర్జీ ఆవిడకి పెళ్ళి బట్టల తొందర. భార్య చెల్లెలు హెడ్మిస్ట్రెస్. ఆవిడైతే, "ఆ రేకుడబ్బాలో నేనా? బళ్ళో పరీక్షలు బావా!" అని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ ఇసుకమూటకే యోగం పట్టింది.

మూటకి ఎక్కడో చిల్లు పడింది. మైదానానికి తీసుకెళ్ళేటప్పుడు కారంతా ఇసుక కాకుండా దానికి భార్య పచ్చ స్వెటర్ తొడిగాడు. పైన ముడి ఊడకుండా ఆవిడ స్కార్ఫే చుట్టాడు. బెల్టు పెట్టకపోతే కారు చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది కనక బెల్టూ పెట్టాడు. "సుఖంగా ఉందా?" అని అడిగాడు కూడా. జవాబు రాకపోయినా అడగడం ఈమధ్య అలవాటైపోయింది.

బాల్కనీలోంచి దర్జీ ఆవిడ చెయ్యూపింది. సరిగ్గా అప్పుడే కారు స్పీడుబ్రేకరెక్కింది. స్కార్ఫు కట్టిన తల ఎంతో మర్యాదగా ఊగింది.

క్షణంలో హెడ్మిస్ట్రెస్‌కి ఫోను వెళ్ళింది. "మేడమ్, మీ బావగారి పక్కన ఎవరో ఆడమనిషండీ! అక్కయ్యగారి పచ్చ స్వెటరే వేసుకుంది! నేను చెయ్యూపితే తలూపింది కూడానూ. ఏం ధైర్యమండీ!"

"అక్క పోయి ఏడాదైనా తిరగలేదే! గుర్తుపట్టడానికి మీరూ రండి."

పరీక్షలు గాలికి పోయాయి, పెళ్ళి బట్టలూ పోయాయి. ఇద్దరూ ఆటోలో మైదానానికి బయల్దేరారు.

అక్కడ విమానం రన్‌వే వైపు మెల్లగా దొర్లుతోంది. కుడి తలుపు గడియ ఆయన ఒంటరిగా బిగించినది, కాస్త వదులు. ఒక గుంతలో చక్రం దిగగానే తలుపు తెరుచుకుంది. మూట బెల్టులోంచి జారి నేల మీద దబ్బున పడింది. గేటు దగ్గరున్న కాపలాదారు అది చూశాడు.

"అయ్యో! అమ్మగారు పడిపోయారు!" అంటూ సైరన్ నొక్కేశాడు.

ఫైరింజన్ పరిగెత్తుకొచ్చింది. మంట ఎక్కడుందో ఎవరికీ తెలియకపోయినా, వచ్చినందుకు నీళ్ళు మాత్రం కొట్టారు. స్ట్రెచర్ పట్టుకొచ్చినవాళ్ళు స్వెటర్ ఎత్తి చూసి, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"ఏదీ ఆ మహాతల్లి?" అంటూ హెడ్మిస్ట్రెస్ జనాన్ని తోసుకుని వచ్చింది. తడిసిన నేల మీద కూర్చుని, బావ అక్క స్వెటర్లోకి ఇసుకని దోసిళ్ళతో ఎత్తిపోసుకుంటున్నాడు.

"ఇదేంటి బావా? పక్కన మనిషి కావాలంటే అడగొచ్చుగా!"

"అడిగానుగా."

ఆవిడ తల దించుకుంది. దర్జీ ఆవిడ ఎందుకో తన చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"పోనీలే. సగం ఇసుక బురదైపోయింది, ఇక ఎగరడం కుదరదు. మీరు పనులు మానుకుని వచ్చారు, వెళ్ళండి" అన్నాడాయన. కోపం లేకుండానే అన్నాడు. అందుకే ఆవిడకి మరీ కష్టంగా ఉంది.

"అక్క బరువెంత ఉండేది?"

చెప్పాడు. ఆవిడ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నాదీ అంతే. ఎవరితోనైనా అన్నారో, చూడండి!"

స్వెటర్ నీళ్ళు పిండి ఒళ్ళో పెట్టుకుని, కుడి సీట్లో కూర్చుంది. గడియకి తాడు కట్టించి మూడు ముళ్ళు వేయించింది. విమానం నేల వదిలింది మొదలు ఆవిడ నోరు మూతపడలేదు. "మెల్లగా బావా! ఆ రెక్క అలా ఊగాలా? అటు చూడండి, మీ షెడ్డు! అయ్యో, అక్క చూడాల్సింది!" ఆయనకి కళ్ళు మసకబారాయి. తనని ఇలా కోప్పడే మనిషి పక్కనుండి ఎన్నాళ్ళైందో.

ఇసుకమూట అయితే తలూపి ఊరుకునేది.